రాతికి పడమటి చేను

ఆ రాయిని మొదట మా అమ్మ బట్టలుతుక్కోడానికి అడిగింది.

జనవరి రెండో వారం. మా చేనికి తూర్పుగట్టు పక్కనున్న కాలవ పూడిపోయిందని నాన్న జేసీబీని పిలిపించాడు. పని సగంలో ఉండగా దాని పన్ను దేనికో తగిలి కీచుమంది. మట్టి తీసి చూస్తే మనిషి ఎత్తు నాపరాయి, బోర్లాపడి ఉంది. డ్రైవరు దాన్ని లేపి, దొరికినచోటే గట్టు మీద నిలబెట్టి వెళ్లిపోయాడు. నున్నగా ఉంది, మోటారు దగ్గర వేయిస్తే పనికొస్తుందని అమ్మ కొబ్బరిపీచు తీసుకుని రుద్దడం మొదలుపెట్టింది. పైన సూర్యుడూ చంద్రుడూ బయటపడ్డారు. వాటి కింద అక్షరాలు.

మా ఊరు దర్శి నుంచి పొదిలి వెళ్లే దారికి కాస్త లోపలగా ఉంటుంది. నేను తెలుగు ఎమ్మే, బీఈడీ చేసి, డీయస్సీకి చదువుకుంటూ ఇంట్లోనే ఉన్నాను. మిరపకోతల రోజులు కాబట్టి పగలంతా కళ్లం దగ్గర పుస్తకం పట్టుకుని కూర్చునేదాన్ని. ఎమ్మేలో శాసనాల గురించి ఒక పేపరు ఉండేది. పరీక్ష కోసం చదివానే గానీ నిజం శాసనాన్ని ఎప్పుడూ ముట్టుకోలేదు. ఫోన్లో ఫొటో తీసి బుడే మాస్టారికి పంపాను.

బుడే మాస్టారు మా హైస్కూల్లో తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యారు. అరగంటలో తన పాత మోపెడ్ మీద వచ్చారు. చెప్పులు గట్టు కింద వదిలి, రాయి ముందు కూలబడి, ముక్కు తగిలేంత దగ్గరగా మొహం పెట్టి చూశారు. తర్వాత నవ్వడం మొదలుపెట్టారు. భుజాలు ఎగిరిపడేలా నవ్వుతుంటే అమ్మ కంగారుపడి, ఏమైందండీ అని అడిగింది.

"కుక్కకి వత్తు మర్చిపోయాడమ్మా," అన్నారు కళ్లు తుడుచుకుంటూ.

నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చూపించారు. చెక్కినవాడు 'కుక్క' అని చెక్కబోయి వత్తు వదిలేశాడు. తర్వాత చూసుకున్నాడో, ఎవరైనా చూసి తిట్టారో, పంక్తి కింద చోటు లేనిచోట గోరంత వత్తు ఇరికించాడు. ఆరువందల ఏళ్ల కిందటి దిద్దుబాటు అది. ముప్పై నాలుగేళ్లు పిల్లల వత్తులు దిద్దాననీ, ఇంత పెద్ద వయసు విద్యార్థి ఇదే మొదలనీ అన్నారు మాస్టారు.

ఆ రోజు నుంచి ఎండ తగ్గే వేళకి రోజూ వచ్చేవారు. మెత్తటి బ్రష్షు, నీళ్ల సీసా, ఒక వెదురుపుల్ల, నోటుపుస్తకం. అమ్మ కూలీలతో కలిసి కాయ కోస్తుంటే, నేనూ మాస్టారూ గట్టు మీద అక్షరాలు కోసేవాళ్లం. ఆ మాట ఆయనదే. ఆయనకి భాష పెద్ద తమాషా. ఒక్కో మాట తెలిసినప్పుడల్లా చిన్నపిల్లాడికి కొత్త బొమ్మ దొరికినట్టు ఉండేది. బండి ఱ కనిపిస్తే దానికి నమస్కారం పెట్టేవారు. కళ్లంలో ఎర్రగా పరిచిన కాయల్ని చూపించి, ఈ రాయి వేసిన రోజుల్లో ఈ నేల మీద ఎవరూ మిరపకాయ అన్నదాన్ని చూసి ఎరగరని చెప్పారు. మిరియాలే దిక్కు. కారంగా ఉండే కొత్త కాయ ఓడల మీద వస్తే, దానికి పేరు లేక మిరియాల పేరే తగిలించారట. "మనం ప్రాణం పెట్టి పండించేదానికి అరువు పేరు," అని మళ్లీ నవ్వారు.

ఒకసారి నేను, ఇంత చిన్న శాసనంలో మీకింత సంతోషం ఏముంది మాస్టారూ, మహాకవుల్ని చదివినవారు కదా అన్నాను. "మహాకవి దగ్గర భాష పెళ్లిబట్టలు కట్టుకుని కూర్చుంటుంది అమ్మాయ్. చూడ్డానికి రెండు కళ్లూ చాలవు. కానీ అది పనిబట్టల్లో ఎట్టా ఉంటుందో చూడాలంటే ఇట్టాంటి రాయి దగ్గరికే రావాలి," అన్నారు.

వారం రోజుల్లో పై పంక్తులు తెలిశాయి. పోచసాని అనే ఆవిడ. ఆమె కొడుకు పులి నోట పడి చనిపోయాడు. వాడికి పుణ్యంగా, అప్పటి ఊరి గుళ్లోని మూలస్థానం దేవరకి ఎప్పుడూ ఆరని దీపం పెట్టించి, దాని నూనె కోసం చేను రాసిచ్చింది. అన్నిటికంటే కిందన తిట్టు ఉంది. ఈ దీపం మాన్పించినవాణ్ణి వాడి కుక్కే కరుచుగాక అని. వత్తు పోయిన కుక్క అదే. మాస్టారు ఆ తిట్టుని ఎన్నిసార్లు చదివారో లెక్కలేదు. మామూలుగా ఇలాంటిచోట నరకాలూ, పురుగులూ, పాపాలూ ఉంటాయట. ఈవిడ మాత్రం కుక్కతో సరిపెట్టింది.

నవ్వి నవ్వి ఆగి, ఇంకో మాట కూడా అన్నారు. శాపం రాసినవాళ్లకి కోపం ఉందనుకుంటాం గానీ ఉండేది భయమేనన్నారు. తను పోయాక ఆ దీపం ఎవరు చూస్తారు? ఎవరో ఒకరు ఆర్పేస్తారని ఆమెకి తెలుసు. అందుకే ఆ కుక్క.

మధ్యలో రెండు పంక్తులు మాత్రం సున్నం పెచ్చు కట్టి అసలు కనిపించడం లేదు. వాటిని మెల్లగా తియ్యాలి, తొందర లేదు అనుకున్నాం.

ఆనందం దాచుకోవడం మాస్టారికి రాదు. సెంటర్లో టీకొట్టు దగ్గర పదిమందికీ పోచసాని కథ చెప్పారు. పులి గురించీ, దీపం గురించీ, కుక్క గురించీ. వాళ్లూ నవ్వారు. ఊళ్లో రెండు రోజులు అందరూ ఒకరినొకరు నీ కుక్కే నిన్ను కరుస్తుందని తిట్టుకున్నారు. మూడో రోజు చైతన్యకృష్ణ మా కళ్లానికి వచ్చాడు.

గట్టుకి తూర్పునున్న పొలమంతా చైతన్యకృష్ణదే. నలభై ఏళ్లుంటాయి, నాన్నకంటే చాలా చిన్నవాడు. మా మూడెకరాలు గట్టుకి పడమర, కొత్తగా రాబోయే బైపాస్ రోడ్డుకి ఆనుకుని ఉన్నాయి. ప్రభుత్వం మా తాతకి పట్టా ఇచ్చిన భూమి అది. తాత మొదటిసారి ఆ చేలో దిగిన రోజు చెప్పులు చేత్తో పట్టుకుని దిగాడని నాన్న చెప్పేవాడు.

చైతన్యకృష్ణ బైకు దిగి, వెంట వచ్చిన ఇద్దర్నీ అక్కడే ఉండమని, కాయలు ఆరబోసిన పరదా అంచున గొంతుక్కూర్చున్నాడు. ఒక కాయ తీసి విరిచి వాసన చూశాడు.

"మంచి రంగు తిరిగింది యేసుపాదం. దేవుడి చేను కదా, రంగు రాకేం చేసిద్ది."

నాన్న నిలబడే ఉన్నాడు. చేతిలో ఉన్న గోనెసంచిని మడతపెడుతూ, మళ్లీ విప్పుతూ ఉన్నాడు. చైతన్యకృష్ణ నెమ్మదిగా, ఇంట్లో మనిషిలాగే మాట్లాడాడు. మూలస్థానం గుడి పునాదులు వెతికించి మళ్లీ కట్టిద్దామని పెద్దలు అనుకుంటున్నారట. కమిటీ వేస్తారట. రాయి దొరికింది, చేను ఉందని రాయే చెబుతోంది. ఇక ఏ చేనో తేలాలి. తహసీల్దారు మేడంకి అర్జీ పెట్టారట, ఆమె వచ్చి చూస్తుందట. దేవుడి మాన్యం అని ఒకసారి కాగితం మీద పడితే తేలేదాకా ఆ భూమి నిషేధం జాబితాలో ఉంటుందని, కోర్టులంటే పదేళ్లో ఇరవయ్యేళ్లో ఎవరు చెప్పగలరని అన్నాడు.

"నిన్ను ఇబ్బంది పెట్టటం నాకిష్టంలా. నువ్వే ముందొచ్చి, తెలీక దున్నుకున్నాం, దేవుడిది దేవుడికి ఒదిలేస్తన్నాం అని చెప్పావనుకో, నీకు గౌరవం."

లేచి, దుమ్ము దులుపుకుని, నా వైపు తిరిగాడు. "చదివేది నువ్వే కదమ్మా. జాగర్తగా చదువు. సాయిబు గారికి కూడా చెప్పు. మన దేవుడి రాత అది. తేడాగా చదివితే జనం ఊరుకోరు. ఆయన పెద్దాయన, మనకి గౌరవం ఉంది."

గౌరవం అన్న మాటంటే నాకు భయం వేయడం అదే మొదలు.

ఆ సాయంత్రం నాన్న అన్నం తినలేదు. రాయి కోర్టులో చెల్లుతుందా అని అడిగాడు. చెల్లకపోవచ్చు అన్నాను. చెల్లకపోవచ్చా, చెల్లదా అని మళ్లీ అడిగాడు.

మర్నాడు మధ్యాహ్నమే మాస్టార్ని పిలిచాను. ఎవరో చదివేలోపు మనమే తెలుసుకోవాలని ఇద్దరికీ అనిపించింది. ఆయన ఆ రోజు నవ్వలేదు. వెదురుపుల్లతో, నీళ్లతో సున్నం పెచ్చు మెల్లగా తీశారు. మందపాటి కాగితం తడిపి రాతికి అంటించి బ్రష్షుతో కొట్టించారు. గుంటల్లోకి కాగితం దిగింది. ఆరాక పైన మసి అద్దించారు. కాగితం ఊడదీస్తే నల్లటి దాని మీద తెల్లగా అక్షరాలు. రాతి మీద కంటే బాగా కనిపించాయి.

మాస్టారు చదివారు. కాగితం నా చేతికిచ్చారు. నేనూ చదివాను. *ఈ రాతికి పడుమటి చేను.*

నా వీపు పడమటి వైపే ఉంది. వెనక్కి తిరగక్కర్లేకుండానే అమ్మ గొంతు వినిపిస్తోంది. కూలీల్లో ఎవర్నో గంప తెమ్మంటోంది.

"ఇంకేదైనా అయ్యే వీలుందా మాస్టారూ?" అని అడిగాను.

"లేదమ్మా. ఇంత శుభ్రంగా ఈ రాయి మొత్తమ్మీద ఇంకో మాట చెక్కలేదు వాడు."

ఆ అచ్చుకాగితం మడిచి నన్నే ఉంచుకోమన్నారు. మోపెడ్ దాకా వెళ్లి, తిరిగి వచ్చి, నేను టీకొట్టు దగ్గర నోరు మూసుకుని ఉంటే అని మొదలుపెట్టారు. ఆ మాట పూర్తి చెయ్యకుండానే వెళ్లిపోయారు. ఆయన బ్రష్షు గట్టు మీదే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున మేం చేలోకి వెళ్లేసరికి రాయి ముందు ప్రమిదలో దీపం వెలుగుతోంది. రాతికి పైనుంచి కిందదాకా పసుపు పూసి, కుంకం పెట్టి ఉంది. ఎవరు పెట్టారో అప్పటికి తెలియదు. మరుసటి రోజు రెండు ప్రమిదలు. తర్వాత కొబ్బరికాయ. మధ్యాహ్నానికి పక్క ఊళ్ల వాళ్లు కూడా బళ్లమీద వచ్చి, రాతికి దణ్ణం పెట్టుకుని, ఫోన్లో ఫొటోలు తీసుకుని, మా చేను వంక ఒకసారి చూసి వెళ్లేవారు. ఎవరూ ఏమీ అనలేదు. ఎవరైనా ఏదైనా అంటే బాగుండేదని నాన్న అన్నాడు.

ఆ వారమే కూలీలు రావడం మానేశారు. మొదట ఇద్దరు, తర్వాత అందరూ. దేవుడి చేలో చెప్పులేసుకుని తిరగలేం అని కొందరన్నారు. మా చర్చివాళ్లు కూడా రాలేదు. వాళ్లకి భయం దేవుడంటే కాదు, చైతన్యకృష్ణ అంటే. అతని పొలంలోనే వాళ్లకి ఏడాదంతా పని. అమ్మా, నేనూ, నాన్నా ముగ్గురమే కోశాం. మూడెకరాల కాయ ముగ్గురు కోయగలిగేది కాదు. ఎర్రబడినవి ఎండకి చెట్టు మీదే తెల్లగా తాలు పోవడం మొదలైంది. దూరంగా బైకు చప్పుడైతే నాన్న వంగినవాడు వంగినట్టే ఆగిపోయేవాడు. అది దాటిపోయాకే చెయ్యి కదిలేది.

అమ్మ రాత్రి ప్రార్థనలో చేను పేరెత్తడం మానేసింది. పేరెత్తితే పోతుందేమోనని.

శుక్రవారం తహసీల్దారు వస్తుందని కబురొచ్చింది. గురువారం మిట్టమధ్యాహ్నం, దణ్ణాలు పెట్టేవాళ్లు కూడా లేని వేళ, నేను గట్టు పక్కన కూర్చుని ఉన్నాను. నాన్న గునపం పట్టుకుని వచ్చాడు. నా పక్కన నిలబడి రాయిని చూశాడు.

"ఏ మాట?" అన్నాడు.

నాకు అర్థమైంది. అయినా, ఏం మాట నాన్నా అన్నాను.

"చదవమనలా. ఏ మాటో చూపించు."

అది ఆరువందల ఏళ్ల రాత అని చెబుదామనుకున్నాను. కొడుకు పోయిన తల్లి రాయించింది అని చెబుదామనుకున్నాను. ఆయన చెప్పుల్లేకుండా నిలబడి ఉన్నాడు. పాదాలకి మిరప మంట అంటి ఎర్రగా ఉన్నాయి. చున్నీ కొసతో పసుపు తుడిచి, ఆ మాట మీద నా చూపుడువేలు పెట్టాను.

ఆయన నా వేలు పక్కన తన బొటనవేలు ఆనించి, ఇక్కణ్ణించా అన్నాడు. ఇక్కడిదాకా అని చూపించాను. నన్ను జరగమన్నాడు.

మూడు దెబ్బలు. నేను రోడ్డు వైపు చూస్తూ ఉన్నాను. ఎవరూ రాలేదు. రాలిన పెచ్చుల్ని తువ్వాల్లోకి ఏరి కాలవలో పారేశాడు. తర్వాత రాయి అడుగున పేరుకున్న పసుపు ముద్ద తీసుకుని, నీళ్లతో తడిపి, దెబ్బ తగిలినచోట తనే పూశాడు. ఎక్కువైందేమోనని చుట్టూ సమంగా చేత్తో పులిమాడు. ఇంటికి వచ్చాక మూడుసార్లు సబ్బుతో కడుక్కున్నా గోళ్లలో పసుపు పోలేదు. అమ్మ ఆ చేతుల్ని చూసింది.

శుక్రవారం పదిన్నరకి తహసీల్దారు వచ్చింది. చిన్న వయసావిడ, ఎండకి గొడుగు పట్టుకుని గట్టు మీద జాగ్రత్తగా నడిచింది. వెనక వీఆర్వో, సర్వేయరు, చైతన్యకృష్ణ, ఊళ్లోంచి యాభైమంది దాకా. మాస్టార్ని చదవడానికి ఆవిడే పిలిపించింది. ఆయన ఉతికిన తెల్లచొక్కా వేసుకుని వచ్చారు. నన్ను చూసి తల ఊపారు. జరిగింది ఆయనకి తెలియదు. ముందు రోజే చెబుదామని రెండుసార్లు ఫోన్ తీసి, పెట్టేశాను.

ముందు ఈ పసుపంతా కడిగించండి అంది తహసీల్దారు. చైతన్యకృష్ణ మనిషే బిందెతో నీళ్లు పోశాడు. పసుపు కారిపోయింది. రాయి అంతా ముసలిరంగులో ఉంటే మధ్యలో అరచేతి మేర తెల్లగా, కొత్తగా మెరిసింది.

మాస్టారు మోకాళ్ల మీద కూర్చున్నారు. వేలితో మొదటి పంక్తి నుంచి తడుముతూ చదువుకుంటూ వచ్చారు. పోచసాని దగ్గర గొంతు బాగానే ఉంది. పులి దగ్గర బాగానే ఉంది. ఆ తర్వాత వేలు ఆ తెల్లటి గుంటలోకి దిగింది. అక్కడే ఉండిపోయింది. ఆయన వెనక్కి తిరిగి చూస్తారేమో, నా మొహం చూస్తారేమో అని నేను కళ్లు దించుకున్నాను. నా పక్కన నాన్న ఊపిరి వినిపిస్తోంది.

"ఇక్కడేముంది మాస్టారూ?" అంది తహసీల్దారు.

"అక్షరాలు పోయాయి మేడం."

"కొత్తగా పోయినట్టున్నాయే."

మాస్టారు కళ్లజోడు తీశారు. చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. "జేసీబీ పన్ను తగిలినట్టుంది," అన్నారు.

చైతన్యకృష్ణ ముందుకొచ్చాడు. అదెట్టా, నా దగ్గర ఫొటోలున్నాయి అని ఫోన్ తీశాడు. అతను వేలితో ఒక్కో ఫొటో పెద్దది చేస్తుంటే తహసీల్దారు గొడుగు వంచి చూసింది. మొదటి రోజుల ఫొటోల్లో అక్కడ సున్నం పెచ్చు ఉంది. ఆ తర్వాతివాటిలో పసుపు ఉంది. అతని మనుషులు పూసిన పసుపే. పది ఫొటోలు చూశాక ఆవిడ ఫోన్ తిరిగి ఇచ్చేసి, పోయినచోట ఏముండి ఉంటుందని మాస్టార్నే అడిగింది.

"'ఈ రాతికి' అని ఉంది. తర్వాత మూడు నాలుగు అక్షరాల చోటు. తర్వాత 'చేను'. మధ్యలోది దిక్కు పేరై ఉండాలి మేడం. పడమర కావచ్చు. అప్పుడు యేసుపాదం చేను." కాస్త ఆగి, "తూరుపు అని రాసుకున్నా ఆ చోటు సరిపోతుంది," అన్నారు.

అందరూ తూర్పుకి తిరిగి చూశారు. గట్టు అవతల కనుచూపు మేర చైతన్యకృష్ణ మిరప, పదిహేనుమంది కూలీలు వరసగా కోస్తున్నారు. గుంపులో ఎవరో ముక్కుతో నవ్వారు.

"తూర్పెట్టా అయిద్ది?" అన్నాడు చైతన్యకృష్ణ.

"పడమర ఎట్టా అయిద్దో అట్టానే, బాబూ."

చైతన్యకృష్ణ మొహంలో నవ్వు అలాగే ఉంది. పాత రాళ్ల మీద ఏవో రాసి ఉంటాయని, వీటికోసం మేడం ఎండలో నిలబడటం తనకే బాధగా ఉందని అన్నాడు. ఆవిడ కాగితం మీద ఏదో రాసుకుని వీఆర్వో చేత సంతకం పెట్టించింది. దిక్కు అస్పష్టం అని రాసినట్టు తర్వాత తెలిసింది. రాయిని మ్యూజియానికి తెలియజేయమని చెప్పి వెళ్లిపోయింది.

మాస్టారు నీళ్ల సీసా తీసుకుని మోపెడ్ ఎక్కారు. నాన్న ఆయన వెనకే రెండడుగులు వేసి ఆగిపోయాడు.

ఆ సాయంత్రం దీపం పెట్టడానికి ఎవరూ రాలేదు. నాలుగు రోజుల తర్వాత కూలీలు వచ్చారు. సగం కాయ తాలు పోయింది, మిగతాది కోశాం. మా కుక్క మాత్రం ఆ రోజుల్లో చిక్కిపోయింది. రోజూ దానికి అన్నం కలిపి పెట్టేది నాన్నే. ఇప్పుడు గిన్నె దూరంగా పెట్టి, అది లేచేలోపు వెనక్కి వచ్చేసేవాడు. అలాంటివి నమ్మను అనేవాడు. అది దగ్గరికొస్తే కాళ్లు మంచం మీదికి తీసుకునేవాడు. నవ్వొచ్చే సంగతే, కానీ మా ఇంట్లో ఎవరికీ నవ్వు రాలేదు.

మాస్టారు మా చేలోకి మళ్లీ రాలేదు. ఏప్రిల్లో మ్యూజియం వాళ్లు లారీ తెచ్చి రాయిని తీసుకెళ్లారు. మే నెలలో ఒక పొద్దున ఆ అచ్చుకాగితం పుస్తకాల మధ్య పెట్టుకుని ఆయన ఇంటికి వెళ్లాను. ఆయన భార్య రహమతున్నీసా గారు తలుపు తీశారు. ఈ మధ్య పుస్తకం పట్టుకుంటే పది నిమిషాల్లో పెట్టేస్తున్నారని, ఏమైందో నువ్వయినా అడుగమ్మా అని నెమ్మదిగా చెప్పి లోపలికి వెళ్లారు.

మాస్టారు నన్ను చూసి సంతోషపడ్డారు. మ్యూజియం వాళ్లు శాసన పాఠం రాసి పంపమన్నారని, రాశానని, పంపే ముందు చూడమని కాగితం ఇచ్చారు. ఆయన దస్తూరీ ఎప్పటిలాగే ముత్యాల్లా ఉంది. కుక్క కింది వత్తు గురించి విడిగా వివరణ రాశారు. 'ఈ రాతికి' తర్వాత నాలుగు చుక్కలు పెట్టారు.

"తెలీని అక్షరానికి చుక్క పెట్టమని నీకు చెప్పింది నేనే," అన్నారు. "తెలిసిన అక్షరానికి పెట్టడం ఇదే మొదలమ్మా."

చూపించింది నేనే మాస్టారూ, నా వేలు పెట్టి చూపించాను అని చెప్పాను. ఇంతవరకు ఎవరికీ చెప్పని మాట అది. ఆయన నా చేతుల వంక చూశారు. కోప్పడతారనుకున్నాను. కోప్పడితే తేలికపడేదాన్ని.

అచ్చుకాగితం తీసి బల్ల మీద పెట్టాను. మీరే ఉంచుకోండి, లేదా చించెయ్యండి అన్నాను. ఆయన దాన్ని విప్పనుకూడా లేదు.

"నేను చింపలేను. నువ్వూ చింపకు. మీ నాన్న ఉన్నంతకాలం నీ దగ్గరే ఉండనీ. ఆ తర్వాత ఆ నాలుగు చుక్కలూ నువ్వు దిద్దు. తప్పు నాదని రాయి, బుడే అనే పండితుడు సరిగా చదవలేదని రాయి." కొంచెం నవ్వారు. "పోచసానికి తొందరేం లేదు. ఆరువందల ఏళ్లు మట్టిలో బోర్లా పడుకున్న మనిషి."

కాగితం మళ్లీ పుస్తకాల మధ్య పెట్టుకుని ఇంటికి వచ్చాను. ఇప్పటికీ నా దగ్గరే ఉంది. దాన్ని పెట్టినచోటు వారానికోసారి మారుస్తూ ఉంటాను.

ఆగస్టులో వానలు పడ్డాయి. నాన్న మళ్లీ మిరప నాటించాడు. ఈసారి కూలీలకి ముందే తాడు కట్టి చూపించి, ఇక్కడిదాకా చాలన్నాడు. తూర్పుగట్టు పక్కన, రాయి నిలబడ్డచోటు నుంచి ఆరు సాళ్ల మేర నేల అలాగే వదిలేశాడు. అదేంటయ్యా, బంగారంలాంటి నేల బీడు పెడతావా అని అమ్మ అడిగింది.

అటు నీళ్లెక్కవు అన్నాడు నాన్న.

కాలవ ఆ గట్టు పక్కనే ఉంది. చేను మొత్తంలో నీళ్లు ముందు ఎక్కేది అక్కడే. అమ్మ ఆయన వంక ఒకసారి చూసి, నారుకట్ట తీసుకుని ఇటు సాల్లోకి దిగింది.